మూడున్నర అంగుళాలు

దర్జీకి చెయ్యి ఎంత ఆడాలో నోరు అంత మూసుకుని ఉండాలని మా నాన్న అనేవాడు. నడుము కొలిచాక అంకె పైకి చదవకూడదు, నోరెత్తకుండా పుస్తకంలో రాసుకోవాలి. పోయినేడు కుట్టిన ప్యాంటు బిగుతైందని ఎవరైనా వస్తే "మీరు లావయ్యారండీ" అని చచ్చినా అనకూడదు. "బట్ట ఉతుకులో కుంచించుకుంది, మాదే తప్పు, ముందే తడిపి కుట్టాల్సింది" అనాలి. తప్పు బట్ట మీదికి తోస్తే బట్టేమీ నొచ్చుకోదు, వచ్చినాయన నవ్వుకుంటూ పోతాడు. అందుకే నాన్న ప్రతి ప్యాంటుకూ వెనక కుట్టు లోపల చేతికి తగిలేంత బట్ట వదిలేవాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు కుట్టు విప్పి వదులు చేసి, పాత గీత కనపడకుండా ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు. వేసుకున్నవాడికి తన ఒళ్ళు మారిందన్న సంగతే తెలిసేది కాదు.

నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు కొట్టు నాది. కింద కొట్టు, పైన ఇల్లు, మధ్యలో పద్దెనిమిది మెట్లు. ఆయన నేర్పినవాటిలో కోటు భుజం కత్తిరించడం నాకు ఇప్పటికీ సరిగా రాదు గానీ ఈ పాఠం మాత్రం బాగా ఒంటపట్టింది. అదే నా కొంప ముంచింది.

నాకొక చెల్లెలు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉందని అమ్మ పిట్ట అని పిలిచింది, ఆ పేరే ఉండిపోయింది. పెరిగి ఇరవై ఏడేళ్ళదైనా, తపాలా ఆఫీసు కౌంటర్లో కూర్చుని ఊరందరి పార్సిళ్ళ మీదా ముద్రలు గుద్దుతున్నా, మాకు పిట్టే.

దానికి తొమ్మిదేళ్ళప్పుడు గొంతు నొప్పి వచ్చింది. అమ్మ ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. గొంతు నొప్పికి డాక్టరు దగ్గరికి పరుగెత్తే ఇల్లు కాదు మాది. మూడు వారాలు గడిచాక ఒళ్ళు కొంచెం వెచ్చబడి మోకాలు నొప్పి అంది. అమ్మ నూనె రాసింది. రెండు రోజులకు మోకాలు బాగైపోయి చీలమండ నొప్పి అంది. ఆ తర్వాత మోచెయ్యి, ఆ తర్వాత మణికట్టు. నొప్పి ఒకచోట నిలిచేది కాదు. అప్పుడు నాకు పదమూడేళ్ళు, నా అంత తెలివైనది ఈ భూమ్మీద లేదనుకునే వయసు.

"నిన్న మోకాలు, ఇవాళ మోచెయ్యి, రేపు ముక్కా? బడి ఎగ్గొట్టాలంటే ఒక్క నొప్పినన్నా సరిగ్గా పట్టుకోవే" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. బడి ఆవరణలో దాని స్నేహితుల ముందు దాని నడక అనుకరించి చూపించాను. నాలుగడుగులు కుడికాలు కుంటుతూ, మరో నాలుగడుగులు ఎడమకాలు కుంటుతూ నడిచాను. అందరూ పడీ పడీ నవ్వారు. పిట్ట కూడా నవ్వబోయి, నవ్వలేక, గోడ పట్టుకుని నిలబడింది. వారం తిరగకుండా బడి మెట్ల మీద ఊపిరి అందక కూలబడిపోయింది.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నాన్నకు వివరంగా చెప్పాడు. గొంతులో చేరిన క్రిమితో పోట్లాడబోయి ఒళ్ళు తన మీదే తాను తిరగబడుతుందట. నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారడమే ఈ జ్వరానికి గుర్తట. "కీళ్ళను పలకరించి పోతుందయ్యా. కాపురం పెట్టేది మాత్రం గుండెలో" అన్నాడు. గుండె గదుల మధ్య తలుపుల్లా తెరుచుకుని మూసుకునే కవాటాలుంటాయని, పిట్టకు వాటిలో ఒకటి దెబ్బతిందని చెప్పాడు. ఇక మీదట ఇరవై ఒక్క రోజులకోసారి సూది తప్పకూడదు. మళ్ళీ గొంతు చెడితే మళ్ళీ ఇదే జ్వరం, గుండె మీద ఇంకో మచ్చ. నేను నాన్న వెనక నిలబడి అంతా విన్నాను. అది అబద్ధమాడుతోందనడానికి నేను చూపించిన సాక్ష్యమే దాని జబ్బుకు అసలు గుర్తన్నమాట. ఇంకెప్పుడూ దాని ఒంటి గురించి ఒక్క మాట కూడా అననని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. క్షమించమని అడగడం చేతకానివాళ్ళు ఇలాంటి ఒట్లే పెట్టుకుంటారు.

పద్దెనిమిదేళ్ళు ఆ సూదులు నడిచాయి. తుంటికి సూది పడిన రోజున పిట్ట ఒక పక్కకు ఒరిగి కూర్చునేది. "ఈ విడత కుడి పక్షం గెలిచింది" అనేది. "ఆడపిల్లవి, దర్జీ కూతురివి, సూదిలో దారం ఎక్కించడం కూడా రాదేమే" అని అమ్మ సాధిస్తే, "నా వాటా సూదులు నాకు పడుతున్నాయి, కొట్టులో సూదులు అక్క చూసుకుంటుందిలే" అనేది. నిజంగానే దానికి గుండీ కుట్టడం కూడా వచ్చేది కాదు. దాని ఆఫీసు యూనిఫాం, బూడిదరంగు ప్యాంట్లు రెండు, లేతనీలం చొక్కాలు మూడు, అన్నీ నేనే కుట్టేదాన్ని.

చిన్నప్పుడు దాన్ని పరీక్షలకు అమ్మ తీసుకెళ్ళేది. ఉద్యోగం వచ్చాక పిట్ట ఒక్కతే వెళ్ళడం మొదలుపెట్టింది. అమ్మ సంగతి తెలిసిందే. పిట్ట తుమ్మితే చాలు, ఇల్లు కూలిపోయినట్టు కూలబడేది. అందుకని డాక్టరు చెప్పినవాటిలో సగం తన కడుపులోనే దాచుకుని, మిగతా సగం నవ్వుతూ చెప్పేది. ఆ చివరి సంవత్సరం మొదట్లో పరీక్షకు వెళ్ళొచ్చి, "అంతా మామూలే, ఆర్నెల్ల తర్వాత రమ్మన్నారు" అంది. మేం నమ్మాం. కడుపులో దాచుకున్న సగం ఏమిటో నాకు తెలిసేసరికి చేతులు కాలిపోయాయి.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం. నేను పైకి వెళ్ళేసరికి పిట్ట అద్దం ముందు యూనిఫాం ప్యాంటు వేసుకుని నిలబడి ఉంది. నడుము దగ్గర కొక్కెం పట్టడం లేదు. ఊపిరి బిగపట్టి లాగింది. పట్టలేదు. మళ్ళీ లాగింది. అద్దంలో దాని మొహం చూశాను. అంత భయం నేను ఆ మొహంలో ఎప్పుడూ చూడలేదు. నడుము లావైందని ఆడపిల్ల ఇంత బెంగ పెట్టుకుంటుందా అని నా ప్రాణం ఉసూరుమంది. ఆ మధ్యే తపాలా ఆఫీసులో ఒకతను దానితో కాస్త ఎక్కువగా మాట్లాడుతున్నాడని చూచాయగా చెప్పింది. ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. నేను తలుపు దగ్గర ఉన్నట్టు తెలియనివ్వకుండా వచ్చినదారినే కిందికి దిగిపోయాను.

మర్నాడు పిట్ట ఒక ప్యాంటును కొక్కెం పెట్టకుండానే బెల్టుతో బిగించుకుని ఆఫీసుకు పోగానే రెండోది తీసి కుట్టు విప్పాను. ఆ మర్నాడు మొదటిది. నాన్నలాగే నేనూ లోపల బట్ట ఉంచాను గనక పని తేలికే. అర అంగుళం. కొత్త కుట్టు వేసి, పాత కుట్టు రంధ్రాల మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేస్తే నాన్న వచ్చి చూసినా పట్టుకోలేడు. తర్వాతి ఆదివారం అది ప్యాంటు వేసుకుని, కొక్కెం పెట్టుకుని, నడుము పట్టీలోకి రెండు వేళ్ళు దూర్చి చూసుకుంది. దాని మొహం విప్పారింది. కాసేపు అలాగే నిలబడి, తర్వాత నన్ను పిలిచింది.

"అక్కా, నా ప్యాంటుకేమైనా చేశావా?"

"నేనేం చేస్తానే?"

"పోయిన వారం బిగుతుగా ఉండె. ఇప్పుడు సరిపోయింది."

"ఉతికిన కొత్తలో బిగుసుకుంటుంది, నాలుగు రోజులు తొడిగితే సాగుతుంది. బట్ట గుణం అది. దర్జీ ఇంట్లో పుట్టి ఇది కూడా తెలీదా?"

"నిజంగా?"

"నీతో నాకు అబద్ధాలెందుకే" అన్నాను.

అది నన్ను గట్టిగా వాటేసుకుంది. నడుము సరిపోయినందుకు ఇంత సంబరమా, పిచ్చిపిల్ల, అనుకున్నాను.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే తంతు. సెలవు రోజు కూడా యూనిఫాం వేసుకుని, అద్దం ముందు నిలబడి, రెండు వేళ్ళు దూర్చి, మళ్ళీ విప్పి మడతపెట్టేది. "సెలవునాడు కూడా ఉద్యోగం మీద అంత మోజేంటే?" అని ఏడిపించాను. "సరిపోతోందో లేదో చూసుకుంటున్నా" అంది. "కుట్టింది నేనైతే సరిపోకేం చేస్తుంది?" అన్నాను, గొప్పగా.

మూడు వారాలకోసారో నాలుగు వారాలకోసారో కుట్టు మళ్ళీ విప్పేదాన్ని. నాలుగోసారికి లోపల బట్ట అయిపోయింది. అప్పుడు అదే బూడిదరంగు బట్ట వెతికి తెచ్చి, పక్క కుట్లలో బెల్టు కింద పడేలా సన్నటి పట్టీలు వేశాను. నేను కుట్టినవాటిలో అంత కనపడని కుట్టు ఇంకొకటి లేదు. పని అయ్యాక వెలుతురుకు పెట్టి చూసుకుని మురిసిపోయాను. మొత్తం మూడున్నర అంగుళాలు. అంకె నోటితో అనలేదు, పుస్తకంలోనూ రాయలేదు.

మరి నాకు కళ్ళు లేవా? ఉన్నాయి. చొక్కా భుజాలు జారుతున్నాయని, చేతులు చీపురుపుల్లల్లా అవుతున్నాయని చూశాను. మెట్లెక్కి పైన రెండు నిమిషాలు గోడకు ఆనుకుంటోందని చూశాను. నేను అడక్కపోయినా "రోజంతా కౌంటర్లో వాగి వాగి ఊపిరి అయిపోతోందక్కా, పద్దెనిమిది మెట్లంటే మాటలా" అనేది. పరీక్షకు వెళ్ళాల్సిన నెల వచ్చింది. ఆఫీసులో ఇద్దరు సెలవు పెట్టారట. "బాగానే ఉన్నాగా, వచ్చే నెల వెళ్తాలే" అంది. అంత ధీమాగా చెప్తుంటే అమ్మ కూడా నోరెత్తలేదు. ఆ ధీమా ఎక్కడిదో ఆ ఇంట్లో పిట్టకొక్కదానికే తెలుసు. అది ఎంత కల్లో నాకొక్కదానికే తెలిసుండాల్సింది.

ఆ వచ్చే నెలలోనే, ఒక మధ్యాహ్నం, కౌంటరు మీదికి పార్సిలు ఎత్తబోయి పడిపోయిందని ఆఫీసు నుంచి కబురొచ్చింది. అమ్మా నేనూ వెళ్ళేసరికి ఆసుపత్రిలో మంచం తల పైకెత్తి కూర్చోబెట్టారు. పడుకోబెడితే ఊపిరి అందడం లేదు. ముక్కుకు గొట్టం, పెదాలు నీలం. అయినా నన్ను చూసి, "పార్సిలు పగల్లేదక్కా, పంపినోళ్ళు అదృష్టవంతులు" అంది. అమ్మ ఏడుపు ఆపుకోలేక వరండాలోకి వెళ్ళిపోయింది.

దాన్ని ఏడెనిమిదేళ్ళుగా చూస్తున్న డాక్టరమ్మ వచ్చింది. పొట్ట మీద చెయ్యి వేసి అటూ ఇటూ తట్టి చూసింది. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆమెకు కోపం వచ్చింది, అది దాచుకోలేదు కూడా.

"ఇంత నీరు ఒక వారంలో చేరదమ్మా. నెలల తరబడి చేరుతోంది. నీకు చెప్పాను కదా! నీ విషయంలో బరువు చూసుకుంటే లాభం లేదు, కండ కరుగుతుంది, నీరు పెరుగుతుంది, తూకం ముల్లు అక్కడే ఉంటుంది, అందుకని బట్టలు చూసుకోమన్నాను. నడుము దగ్గర బిగుతైన రోజే రావాలని రాసి కూడా ఇచ్చాను. బట్టలు బిగుతు కాలేదా?"

"లేదండీ" అంది పిట్ట. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, "ప్రతి ఆదివారం వేసుకుని చూసుకున్నా. ఒక్కసారి బిగుతైంది. మళ్ళీ బానే సరిపోయింది. ఆఫీసు ప్యాంటు. రెండు వేళ్ళు పట్టేవి."

"అదెలా కుదురుతుంది?" అంది డాక్టరమ్మ.

పిట్ట మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. కుట్టు రాకపోయినా అది దర్జీ కూతురే.  చెప్పాలని నోరు తెరిచాను. ఈలోగా డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుని, నన్ను బయటికి రమ్మంది. మూడు నెలల క్రితమైతే తొడ దగ్గర నరంలోంచి బుడగ పంపి, ఇరుకైపోయిన ఆ కవాటాన్ని వెడల్పు చేసేవాళ్ళమని, పెద్ద కోత కూడా అక్కర్లేకపోయేదని చెప్పింది. ఇప్పుడు దాని వెనక ఉన్న గుండె భాగం కూడా అలిసిపోయింది, ఇంకో కవాటం కారుతోంది, కాలేయం ఉబ్బింది. మందులతో నీరు తీసి, ఛాతీ తెరిచి కవాటం మార్చాలి. "చేయకపోతే దక్కదు. చేస్తే దక్కొచ్చు. అంతకంటే చెప్పలేను" అంది.

లోపలికి వెళ్ళాను. పిట్ట కళ్ళు మూసుకుని ఉంది.

"ఎంత?" అని అడిగింది.

"మూడున్నర అంగుళాలు."

పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి దాని ఒంటి గురించి దానితో మాట్లాడాను. అది గోడవైపు తిరిగింది. "నీకు భయంగా ఉందనుకోలేదే. నడుము గురించి బాధపడుతున్నావనుకున్నా. నిన్ను నొప్పించకూడదని..." అని నేనంటూ ఉంటే చెయ్యెత్తి ఆగమంది. ఆగాను.

నీరు దిగడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ పిట్ట అమ్మతో మాట్లాడింది, నర్సులతో పరాచికాలాడింది, చూడ్డానికి వచ్చిన ఆ తపాలా ఆఫీసు అబ్బాయిని "మీ చేతి ముద్రలన్నీ వంకరే" అని ఆటపట్టించింది. నాతో మాత్రం "నీళ్ళు", "దిండు", "కిటికీ" ఇంతే. నేను తల దువ్వితే దువ్వించుకునేది. ఒకవైపు దువ్వి ఇంకోవైపుకు జరగమంటే జరిగేది. మాట లేదు. అది నన్ను కొట్టినా బాగుండేదనిపించేది. తప్పు చేసినవాళ్ళకు దెబ్బలు పడితే కాస్త నిద్ర పడుతుంది.

కవాటం మార్చే రోజు ఉదయం అమ్మ మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. ఇంకో పావుగంటలో తీసుకెళ్తారు. నేను దాని పాదాలకు దుప్పటి సర్దుతున్నాను. నీరు దిగి పాదాలు మళ్ళీ చిన్నపిల్ల పాదాల్లా అయ్యాయి.

"అక్కా" అంది.

పన్నెండు రోజుల తర్వాత ఆ పిలుపు. నాకు ఏడుపొచ్చేసింది.

"నీతో నాకు చాలా పెద్ద గొడవుంది."

"పెట్టుకోవే. ఇప్పుడే పెట్టుకో."

"ఇప్పుడు ఊపిరి చాలదు. నిన్ను సరిగ్గా తిట్టాలంటే గంట పడుతుంది. బళ్ళో కుంటి చూపించిన కాణ్ణించి మొదలుపెట్టాలి. బాగయ్యొచ్చాక తిడతా. ఎదురు చెప్పకూడదు."

"చెప్పను. ఒట్టు."

"నీ ఒట్లు తగలెయ్య" అంది, కొంచెం నవ్వి. తర్వాత నవ్వు ఆపి నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి. "ఒకవేళ రాకపోతే మాత్రం అమ్మకి చెప్పకు. ఈ ప్యాంటు సంగతి ఎప్పటికీ చెప్పకు. చెప్తే అమ్మకి ఇద్దరం పోతాం."

నేను తలూపాను. అమ్మ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరు మనుషులు వచ్చి మంచాన్ని తోసుకుంటూ వెళ్ళారు. పిట్ట అమ్మకు చెయ్యి ఊపింది, నన్ను చూసి వేలు చూపించి బెదిరించింది.

కొత్త కవాటం బాగానే పనిచేసిందట. గుండే దాన్ని అందుకోలేకపోయింది. మూడో రోజు పొద్దున్న డాక్టరమ్మ బయటికి వచ్చి, ఏమీ చెప్పకముందే అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. అది మళ్ళీ కళ్ళు తెరవలేదు, ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

నెల దాటింది. పలకరించడానికి ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. పోయిన వారం తపాలా ఆఫీసువాళ్ళు నలుగురు వచ్చి, కొట్టులో గుడ్డల మధ్యే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అమ్మ వాళ్ళకు నన్ను చూపించి చెప్పింది.

"ఇదుగో, దీని చేతుల్లోనే పెరిగిందండీ అది. కంటికి రెప్పలా చూసుకుంది. దాని ఒంటి మీద గుడ్డ దగ్గర్నుంచి ఇదే చూసేది, ఏ రోజూ ఏ లోటూ రానివ్వలేదు. పన్నెండు రోజులు మంచం పక్కనుంచి కదల్లేదు."

వాళ్ళు నా వైపు జాలిగా, గౌరవంగా చూశారు. నేను వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసులు తీసుకుని లేవబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇంతకుముందు పరాయివాళ్ళ ముందు ఏడవని మనిషి, వాళ్ళందరి ముందూ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"ఇంత బాగా చూసుకున్నా పోయిందే. ఇంక ఎవర్ని అనుకోమంటావే?" అంది.

"ఎవర్నీ అనుకోకమ్మా" అన్నాను.